చెయ్యెత్తిన మనిషి ఫోటో ఇచ్చింది నేనే

నందిగామ దాటి జగ్గయ్యపేట వైపు వెళ్ళే హైవే మీద మా యూనివర్సిటీ పీజీ సెంటర్ గేటు పక్కన ఒక సిమెంటు విగ్రహం ఉంది. పంచె, లాల్చీ, ఎడమ చేతిలో సంచి, పైకెత్తిన కుడి చెయ్యి. దాని ముఖం మా గేటు దగ్గర తొమ్మిదేళ్ళు కాపలా ఉన్న వాచ్‌మన్‌ది. ఆయన తన బొమ్మ తానే పెట్టించుకున్నాడని ఈ చుట్టుపక్కల చాలామంది నమ్ముతారు. కంచికచర్ల బస్టాండులో కూడా ఆ మాట నా చెవిన పడింది. అది నిజం కాదు. ఆ ఫోటో శిల్పికి పంపింది నేను. అప్పుడు మా సెంటర్ ఆఫీసు సూపరింటెండెంట్‌ని నేనే, ఇప్పుడూ నేనే. ఆ పని ఎలా చేశానో, చేశాక ఏం చెప్పానో ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఇదంతా ఒక రిమార్కుతో మొదలైంది. మా సెంటర్‌కి వచ్చిన తనిఖీ బృందం లాబ్‌లు చూసింది, లైబ్రరీ చూసింది, హాస్టల్లో భోజనం చేసింది, చివర్లో "ప్రాంగణంలో కళాత్మక వాతావరణం కనిపించలేదు" అని రాసిపెట్టి వెళ్ళింది. రెండు నెలల్లో మళ్ళీ వస్తామన్నారు. మా ప్రిన్సిపాల్ గారు కెమిస్ట్రీ ఆయన. ఏది తక్కువైందన్నా ఇండెంట్ పెట్టి తెప్పించడం ఆయన పద్ధతి. మర్నాడే మీటింగ్ పెట్టి, ఈ కళాత్మక వాతావరణం ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

తెలుగు లెక్చరర్ గారు అందుకున్నారు. "పెద్ద యూనివర్సిటీల్లో కవితల్ని బట్టి శిల్పాలు చేయించి పెడుతున్నారండీ. మనకీ వార్షికోత్సవంలో బహుమతి వచ్చిన కవిత ఉందిగా."

"కవితని బొమ్మ ఎట్టా చేస్తారండీ?"

"అందులో మనిషున్నాడు సార్. ఆయన్ని చేస్తే సరి."

మనిషి ఉన్నాడనేసరికి ప్రిన్సిపాల్ గారికి ధైర్యం వచ్చింది. జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు సిమెంటు బస్తాలు ఇస్తామన్నారు. ఫైళ్ళన్నీ నా బల్ల మీదే ఉంటాయి కాబట్టి కన్వీనర్‌గా నన్ను వేశారు.

ఆ కవిత రాసింది ఎమ్మే రెండో సంవత్సరం అమ్మాయి. కృష్ణ ఒడ్డున చెవిటికల్లు వాళ్ళది. కవితలో, కూతుర్ని హాస్టల్లో దింపిన తండ్రి ఇంటికి పోవడానికి మా గేటు ముందు రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తుతాడు. ఎక్స్‌ప్రెస్ బస్సులు మా దగ్గర ఆగవు. ఒకదాని వెనక ఒకటి దుమ్ము కొట్టి పోతుంటాయి. కూతురు హాస్టల్ మేడ మీద నుంచి చూస్తూ ఉంటుంది. చివర్లో ఇలా ఉంటుంది:

ఆగమని ఎత్తిన చెయ్యి
ఆగని బస్సుకి టాటా చెప్పినట్టుంది.

ఫైలు కోసం ఆ కవితను టైపు చేస్తూ ఇక్కడికొచ్చాక కాసేపు చేతులు ఆపేశాను. ఒక జిరాక్స్ తీసి ఇంటికి పట్టుకెళ్ళాను. నాకు కవిత్వం మీద గౌరవం లేక ఇదంతా చేశానని ఎవరూ అనుకోకూడదని ఈ సంగతి చెబుతున్నాను. గౌరవం ఉండగానే చేశాను.

చిల్లకల్లు నుంచి జగ్గయ్యపేట వెళ్ళే దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. ముందు వరసలో దేవుళ్ళు, వెనక వరసలో నాయకులు ఎండకి ఆరుతూ ఉంటారు. నాయకుల్లో సగం మందికి తలలుండవు. ఒళ్ళు ముందే చేసిపెట్టి, ఆర్డరు వచ్చాక తల పెట్టడం అక్కడి పద్ధతి. శిల్పి యాభై దాటిన మనిషి. చేతులకి ఎండిన సిమెంటు, చెవిలో పెన్సిలు.

"ఎవరి విగ్రహం సార్?" అన్నాడు.

"ఎవరిదీ కాదు. కవితలో నాన్నది."

"పోయారా?"

"పోలేదు. కవితలో ఉన్నాడు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి కుర్చీ వేయించాడు. నేను కవిత చదివి వినిపించాను. చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"బాగుంది సార్. బస్సు కూడా కావాలా?"

"వద్దు."

"బస్సైతే నా వల్ల కాదు, అందుకని ముందే అడిగా."

తర్వాత నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ చెయ్యెత్తిన ఒళ్ళు ఒకటి ఉంది. ఏదో ఊరి వాళ్ళు తమ నాయకుడి కోసం చేయించారట. అది పూర్తయ్యేలోగా ఊరు రెండు వర్గాలైంది. అవతలివాళ్ళు చెప్పిన విగ్రహమని ఎవరికి వాళ్ళు దీన్ని వదిలేశారు. మూడేళ్ళుగా తల లేకుండా నిలబడి ఉంది. మెడ మీద రావి మొక్క మొలిచింది.

"మీ అదృష్టం సార్, చెయ్యెత్తిందే దొరికింది" అన్నాడు.

"ఇది నాయకుడి ఒళ్ళండీ. మాకు కావలసింది రైతు."

"కండువా చెక్కేస్తా. చేతిలో కాగితాల చుట్ట ఉంది చూడండి, దాన్ని సంచి చేస్తా. ఇంక రైతే."

"జేబులో పెన్ను ఉంది."

"పెన్ను ఉండనివ్వండి సార్. లేకపోతే లాల్చీ బోసిగా ఉంటుంది."

"వాచీ?"

"వాచీ తీస్తే మణికట్టు ఊడొస్తుంది. లోపల చువ్వ అక్కడే వంచాం."

రెండు నెలల గడువులో అప్పటికే పన్నెండు రోజులు పోయాయి. పెన్నుకీ వాచీకీ ఒప్పుకున్నాను. లేవబోతుంటే ఫోటో అడిగాడు.

"ఫోటో ఎందుకండీ? మామూలు మనిషి ముఖం ఏదో ఒకటి పెట్టండి."

"ఏదో ఒక ముఖమని ఉండదు సార్. ఎవరిదో ఒకళ్ళదే ఉంటుంది. ఫోటో లేకుండా నేను దేవుణ్ణి కూడా చెయ్యను. దేవుడికైతే క్యాలెండర్ ఉంది."

ఆఫీసుకి వచ్చి ఆ అమ్మాయిని పిలిపించి నాన్నగారి ఫోటో ఒకటి తెమ్మన్నాను. మర్నాడు వట్టి చేతులతో వచ్చింది.

"మా నాన్న వద్దన్నారు సార్. నాకింకా ఏం కాలేదు కదమ్మా అన్నారు. మా అమ్మయితే మీ నంబరు బ్లాక్ చెయ్యమంది."

మా వైపు బతికున్నవాళ్ళకి ఫ్లెక్సీ కడతారు. పుట్టినరోజుకి చంటిపిల్లలకి కూడా కడతారు. విగ్రహం మాత్రం పోయినవాళ్ళకే. బతికున్న మనిషి ముఖంతో విగ్రహం నిలబెడితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. ఆ నమ్మకం నాకు తెలియనిది కాదు, ఆ అమ్మాయి తండ్రి వద్దన్నప్పుడు సబబే అనుకున్నాను కూడా. ఇది గుర్తుంచుకొని చదవమని కోరుతున్నాను. ఆ తర్వాత వారానికి నేను చేసిన పని తెలియక చేసింది కాదు.

మా నాన్న పోయి ఆరేళ్ళయింది కదా, ఆయన ఫోటో ఇద్దామనుకున్నాను. నందిగామలోనే ఉండే మా అన్నయ్యకి చెబితే మండిపడ్డాడు. "నాన్న ఏనాడైనా బస్సెక్కాడా? స్కూటరు దిగని మనిషిని తీసుకెళ్ళి రోడ్డు మీద చెయ్యెత్తి నిలబెడతావా?" అన్నాడు. అది మానుకున్నాను.

శిల్పి రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేవాడు. ఆయనది గట్టి గొంతు. "సార్, తల ఎప్పుడిస్తారు?" అనే మాట పక్క బల్లల వాళ్ళందరికీ వినిపించేది. ఒక మధ్యాహ్నం అలా ఫోన్ పెట్టేసేసరికి నా ముందు అవుట్‌సోర్సింగ్ సిబ్బంది రెన్యువల్ ఫైలు తెరిచి ఉంది. ఒక్కో దరఖాస్తుకి ఒక్కో పాస్‌పోర్టు సైజు ఫోటో అంటించి ఉంది. మూడోది వాచ్‌మన్‌ది.

ఆయనది కంచికచర్ల. నాకన్నా అయిదారేళ్ళు పెద్ద. బుగ్గలు లోపలికి పోయి, పెద్ద మీసం, దూరం నుంచి ఎవరో వస్తున్నట్టు చూసే కళ్ళు. హాస్టల్ పిల్లల తండ్రులందర్నీ గుర్తుపట్టేవాడు. బస్సు దొరక్క నిలబడ్డవాళ్ళకి తన కుర్చీ ఇచ్చేవాడు. ఆ కవితలో తండ్రికి అంతకన్నా సరిపోయే ముఖం వెతికినా దొరకదు. నేను ఫోన్‌తో ఆ ఫోటోని ఫోటో తీసి శిల్పికి వాట్సాప్‌లో పంపాను. "కొంచెం మార్చి చెయ్యండి" అని కింద రాశాను. ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాడు.

వాచ్‌మన్ అప్పుడు నా కిటికీకి ఇరవై అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. పిలిచి అడగొచ్చు. అడిగితే వద్దంటాడని తెలుసు, అందుకే అడగలేదు. పైగా ఆర్డరు కాగితం ఇచ్చి రావడానికి ఒకసారి, పని ఎంతవరకు వచ్చిందో చూసి రావడానికి ఒకసారి ఆయన్నే ఆ షెడ్డుకి పంపాను. తల పెట్టక ముందే వెళ్ళొచ్చాడు కాబట్టి ఆయనకేమీ తెలియదు. ఆ రెండు ప్రయాణాలు తర్వాత ఆయన మెడకే చుట్టుకున్నాయి.

శిల్పి కొంచెం కూడా మార్చలేదు. ఆయన చేసిన నాయకులెవరూ వాళ్ళలాగా ఉండరని జగ్గయ్యపేటలో ఒక మాట ఉంది. కింద పేరు చదివితే తప్ప తెలియదంటారు. ఈసారి ఎలా కుదిరిందో, మీసంలో తెల్లవెంట్రుకలతో సహా దిగింది.

విగ్రహం కింద శిలాఫలకం కూడా పెట్టించాం. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ప్రిన్సిపాల్, సిమెంటు ఇచ్చినవారు, కమిటీ సభ్యులు, కన్వీనర్‌గా నేను. అందరి పేర్లూ చెక్కేసరికి కవితకి చోటు మిగల్లేదు. ఆ అమ్మాయి పేరు ఒక్కటీ అట్టడుగున, గడ్డి మొలిచే చోట పట్టింది.

ఆవిష్కరణకి విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ అధికారి ముఖ్య అతిథిగా వచ్చారు. ఎండగా ఉందని ఆయనకి గొడుగు పట్టమని వాచ్‌మన్‌కి చెప్పాం. అతిథి తాడు లాగారు, గుడ్డ జారింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనమంతా ఒకసారి పైకి, ఒకసారి గొడుగు కిందికి చూస్తున్నారు. అతిథి కూడా విగ్రహాన్ని చూసి, వెనక్కి తిరిగి, మళ్ళీ విగ్రహాన్ని చూశారు.

"ఈయన మీ అన్నగారా?" అని వాచ్‌మన్‌ని అడిగారు.

"లేదండి. నాకన్నలు లేరండి" అన్నాడు వాచ్‌మన్.

ప్రిన్సిపాల్ గారు ముందుకొచ్చి "కవితలో నాన్న సార్" అన్నారు. నిచ్చెన తెచ్చారు, అతిథి బంతిపూల దండ వేశారు. మైకు దగ్గరున్న మనిషి నందిగామలో ఇలాంటి సభలు వందల్లో నడిపినవాడు. అలవాటు కొద్దీ "అందరూ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరుతున్నాం" అన్నాడు. అందరం నిలబడ్డాం. వాచ్‌మన్ కూడా గొడుగు కర్ర రెండు చేతుల్తో పట్టుకుని తలొంచుకుని నిలబడ్డాడు. మౌనం అయ్యాక ఆ కవిత రాసిన అమ్మాయి నా దగ్గరికొచ్చి, "మా నాన్నకి వాచీ లేదు సార్" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆ రోజు వాచ్‌మన్ ఇంటికి చేరేసరికి దండేసిన విగ్రహం ఫోటో వాట్సాప్‌లో ఆయన కన్నా ముందే కంచికచర్ల చేరింది. ఎవరో దాని కింద ఓం శాంతి అని పెట్టారు. ఆయన భార్య హైవే పక్కన బజ్జీల బండి నడుపుతుంది. బండి దగ్గర జనం మూగి ఉన్నారు. మధిర వైపు నుంచి ఆమె తమ్ముడు ఇంకో నలుగుర్ని ఎక్కించుకుని ఆటోలో దిగాడు. మర్నాడు వాచ్‌మనే గేటు దగ్గర మాకీ సంగతి చెప్పాడు.

"మా బామ్మర్ది నన్ను చూసి, బావా, మంచిగనే ఉన్నవా, అన్నాడండి. ఉన్నా, కూర్చో, అన్నా. కూర్చోకుండా చేతిలో దండ ఎక్కడ పెట్టాలా అని చూస్తన్నాడు. చివరికి బండికి కట్టాడు."

అందరం నవ్వాం. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. నవ్వు ఆగాక ఆయన "ఎట్టా వచ్చిందంటారు సార్ నా ముఖం దానికి?" అని అడిగాడు. "ఆ శిల్పికి నువ్వు నచ్చావేమో, వెళ్ళావుగా రెండుసార్లు" అన్నాను. అదే మొదటి అబద్ధం.

మూడో రోజు ఆయన భార్య ఆఫీసుకి వచ్చింది. "ఆ దండ తీయించండి సార్. దండేసిన ముఖంతో రోజూ ఇంటికొస్తన్నాడు, నాకు అన్నం పెట్టబుద్ధి కావట్లా" అంది. తీయించాను. ముఖం సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఈలోగా బస్సులు ఆగడం మొదలుపెట్టాయి. సాయంత్రం వెలుతురు తగ్గేవేళ మలుపు తిరిగే డ్రైవరుకి సంచితో చెయ్యెత్తిన మనిషి కనిపిస్తాడు. కవితలో ఆగని ఎక్స్‌ప్రెస్‌లన్నీ విగ్రహానికి ఆగేవి. కండక్టర్ తలుపు తీసి "ఎక్కవయ్యా, ఎంతసేపు?" అని అరిచేవాడు. హాస్టల్ పిల్లలు పరిగెత్తుకెళ్ళి ఎక్కేసేవాళ్ళు. కొన్నాళ్ళకి డిపో నుంచి ఉత్తరం వచ్చింది, ప్రయాణ సమయాలు దెబ్బతింటున్నందున సదరు విగ్రహం చెయ్యి దించే ఏర్పాటు చేయవలసిందని. చెయ్యి కాంక్రీటుది అయినందున దించడం వీలుపడదని నేను జవాబు రాశాను. రెండు కాగితాలూ ఫైల్లో ఉన్నాయి.

ఆ తర్వాత ఎన్నికల కోడ్ వచ్చింది. కోడ్ ఉన్నన్నాళ్ళూ నాయకుల విగ్రహాలకి ముసుగు వేస్తారు. రెవెన్యూ సిబ్బంది తెల్లగుడ్డల మూటతో ఊరూరా తిరుగుతూ మా గేటు దగ్గర ఆగారు. ఒకతను కాగితాల అట్ట పట్టుకుని వాచ్‌మన్‌ని అడిగాడు.

"ఎవరి విగ్రహం ఇది?"

"అంటే... నాదేనండి."

"ఏ పార్టీ?"

"నేను వాచ్‌మన్‌నండి."

నేను బయటికొచ్చి ఇది కవితలో పాత్ర అని, రాజకీయాలతో సంబంధం లేదని చెప్పాను. అతను విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగాడు. "పెన్ను ఉంది, వాచీ ఉంది, చెయ్యెత్తాడు. భుజం మీద కండువా చెక్కేసిన మచ్చ కూడా కనపడతంది. రేపు ఎవడన్నా కంప్లయింట్ ఇస్తే నా ఉద్యోగం పోద్ది సార్" అని పైనుంచి కింద దాకా తెల్లగుడ్డ చుట్టించి తాళ్ళతో కట్టించాడు. ఎదురుగా టీ కొట్టు నడిపే ఆవిడ ఇదంతా చూసి, "ముఖం అదే గదా బాబాయ్, నీక్కూడా వేస్తారేమో, టీ తాగేసి పో" అంది.

తనిఖీ బృందం సరిగ్గా ఆ వారమే వచ్చింది. తెల్లగుడ్డలో చెయ్యెత్తి నిలబడ్డ ఆకారం చుట్టూ తిరిగారు. దీన్ని విప్పుతామని మేం అనలేం, కోడ్ ఉంది. వాళ్ళు విప్పమని అడగనూ లేదు. "గేటు వద్ద గల ఆధునిక శిల్పం ఆలోచన రేకెత్తించేదిగా ఉంది" అని రాసి వెళ్ళారు. ప్రిన్సిపాల్ గారు ఆ రోజు మాకందరికీ స్వీట్లు పంచారు.

ఎన్నికలైపోయి గుడ్డ తీశాక అసలు గొడవ వచ్చింది. మా నాయకుడి విగ్రహం పెట్టమంటే స్థలం లేదన్నారు, వాచ్‌మన్ విగ్రహానికి ఎక్కణ్ణించి వచ్చింది స్థలం అని ఒక వర్గం విద్యార్థులు అర్జీ పెట్టారు. అడిగినదాంట్లో తప్పు లేదు. ప్రధాన క్యాంపస్ నుంచి విచారణాధికారి వచ్చి ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నారు.

ముందు శిల్పిని పిలిచారు. ఫోటో వాట్సాప్‌లో వచ్చిందన్నాడు. ఏ నంబరు నుంచి అంటే, "ఆర్డర్లిచ్చేవాళ్ళందర్నీ విగ్రహం సార్ అనే సేవ్ చేస్తానండి. పైగా ఆ ఫోను సిమెంటు తొట్టిలో పడింది" అన్నాడు. షెడ్డుకి ఆఫీసు తరఫున ఎవరొచ్చారని అడిగితే, నేను ఒకసారి, వాచ్‌మన్ రెండుసార్లు అన్నాడు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు.

తర్వాత నన్ను పిలిచారు. వాచ్‌మన్ తలుపు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తలుపు తీసే ఉంది.

"ఇతన్ని షెడ్డుకి మీరే పంపారా?"

"పంపానండి."

"ఫోటో ఎవరిచ్చారు?"

"గుర్తు లేదండి."

వాచ్‌మన్ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నిజం చెప్పేవాణ్ణేమోనని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. సిబ్బంది ఫైల్లోంచి ఫోటో బయటికి పంపినందుకు నాకు మెమో వస్తుంది, ప్రమోషన్ జాబితాలో పేరు వెనక్కి పోతుంది. ఆ గదిలో నా బుర్రలో ఉన్నది అదొక్కటే.

వాచ్‌మన్‌ని అడిగితే "నాకేం తెలియదండి" అన్నాడు. తన ముఖం ఎలా వచ్చిందో తనకే తెలియదంటే ఎవరూ నమ్మలేదు. నివేదికలో "స్వీయ ప్రచార కాంక్షతో" అనే మాట వచ్చింది. దాన్ని టైపు చేసింది నా సెక్షనే. వాచ్‌మన్‌ని మార్చమని ఏజెన్సీకి ఉత్తరం వెళ్ళింది. ఏజెన్సీ ఆయన్ని జగ్గయ్యపేట అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ లారీల గేటుకి పంపింది. కంచికచర్ల నుంచి రెండు బస్సులు, ఒక ఆటో. విగ్రహం మాత్రం ఉంచేశారు, తనిఖీ రిపోర్టులో దాని గురించి మంచిమాట ఉంది కాబట్టి.

ఏడాది గడిచింది. ఆయన ఊళ్ళో ఆయన్ని విగ్రహం అని పిలుస్తున్నారని విన్నాను. "విగ్రహం వచ్చిందిరా, దండ తేండి" అంటారట. బామ్మర్ది రాకపోకలు తగ్గించాడట, సొంత బొమ్మ పెట్టించుకుని అక్క మెడలో తాళి మీదికి తెచ్చాడని.

ఒక రోజు ఆయనే మా ఆఫీసుకి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"ఫ్యాక్టరీ వాళ్ళు పాత చోటు నుంచి ప్రవర్తన సర్టిఫికెట్ తెమ్మంటున్నారు సార్. అది ఇస్తేనే ఉంచుతారంట. నెలాఖరు దాకా టైమిచ్చారు."

"అలాగే, ఇప్పిస్తాలే" అన్నాను.

ఆయన వెళ్ళాక ఫైలు తీశాను. ప్రవర్తన అనే గడిలో రాయడానికి ముందు విచారణ నివేదిక చూడాలి. అది ఉండగా మంచి ప్రవర్తన అని రాస్తే ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టరు. ఆ గడి నింపకుండా పంపితే ఆయన ఉద్యోగం పోతుంది. యాభై ఏడేళ్ళ మనిషికి ఇంకో గేటు దొరకదు. ఆ నివేదిక అబద్ధమని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మూడు రోజులు ఆ ఫైలుని సొరుగులో పెట్టి తాళం వేసుకుని తిరిగాను. మూడో రోజు మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి పేర ఉత్తరం రాశాను. ఇచ్చే ముందు వాచ్‌మన్‌కి చూపించాలనిపించి సెలవు పెట్టి ఫ్యాక్టరీకి వెళ్ళాను.

లారీల గేటు దగ్గర చిన్న గది. సున్నపురాయి దుమ్ము ఆయన కనుబొమల మీద కూడా ఉంది. నన్ను చూసి లేచాడు. కూర్చోమని, అంతా చెప్పాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. మధ్యలో రెండు లారీలు వచ్చాయి, రెండుసార్లూ లేచి వెళ్ళి నంబర్లు రాసుకుని వచ్చి "చెప్పండి సార్" అని కూర్చున్నాడు.

చెప్పడం అయ్యాక తిడతాడని చూశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఉత్తరం తీసుకున్నాడు. ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివాడు. ఒక చోట వేలు ఆగింది.

"ఈ పొరపాటున అనే మాట తీసెయ్యండి సార్."

"ఎందుకు?"

"పొరపాటంటే ఇంకోళ్ళది పంపబోయి నాది పంపటం. మీరు నాదే పంపారుగా."

"మరి ఏం రాయమంటావు?"

"ఏం జరిగిందో మీకు తెలుసు. నేనెట్టా చెబుతా?"

ఆయన రిజిస్టర్‌లోంచి తెల్లకాగితం చింపి ఇచ్చాడు. మళ్ళీ ఇలా రాశాను: ఆయన్ని అడగకుండా, అడిగితే ఒప్పుకోడని తెలిసి, ఫైల్లో ఫోటో తీసి పంపాను. విచారణలో గుర్తు లేదని చెప్పింది అబద్ధం. నా ప్రమోషన్ కోసం ఆయన్ని పోనిచ్చాను. చదివి తల ఊపాడు.

"మీరు నా మీద చెప్పలేదు సార్, అది నాకు తెలుసు" అన్నాడు. "నేను కాదని కూడా చెప్పకుండా ఊరుకున్నారు. అదే నాకు ఏడాది నుంచి అర్థం కాలా. గేటు దగ్గర మీ బండికి రోజూ నీడలో చోటు ఉంచేవాణ్ణి గదా."

నేను ఉత్తరం ఆయన చేతిలోంచి తీసుకుని కింద సంతకం పెట్టాను.

మళ్ళీ మా గేటుకి వస్తావా, వెనక్కి తీసుకోమని రాస్తానని అడిగాను. "వద్దండి. నేనక్కడ కూర్చుంటే ఇద్దర్నీ పోల్చి చూట్టానికి వస్తారు. నాకు సర్టిఫికెట్ చాలు" అన్నాడు. రిజిస్టర్ మూసి, "మా బామ్మర్దికి ఒక కాపీ కావాలి" అన్నాడు.

ఆయన డ్యూటీ దిగాక ఇద్దరం జగ్గయ్యపేట వెళ్ళాం. జిరాక్స్ కొట్టు అతను ఎన్ని కాపీలని అడిగాడు. వాచ్‌మన్ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. భార్యకి ఒకటి, బామ్మర్దికి ఒకటి, బజ్జీల బండి పక్క సెల్‌ఫోన్ల కొట్టుకి ఒకటి, బస్టాండు క్యాంటీన్‌కి రెండు, మా గేటు ఎదురు టీ కొట్టావిడకి ఒకటి. ఆఫీసులో ఇవ్వాల్సిన కాగితాన్ని ఇలా ఊరంతా పంచొచ్చా అని నాకు ఒక్క క్షణం అనిపించింది. జేబులోంచి డబ్బులు తీసి బల్ల మీద పెట్టాను. మొదటి కాపీ బయటికి రాగానే కొట్టతను అలవాటుగా చదివి, మా ఇద్దరి ముఖాలూ చూసి, "మీ ఇద్దర్లో ఇది రాసింది ఎవరండీ?" అన్నాడు.

"నేనే" అన్నాను.

మర్నాడు ఉత్తరం ఇచ్చాను. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చదివి, "ఇప్పుడెందుకండీ ఇదంతా, రిపోర్టు బాగుంది కదా" అన్నారు. తర్వాత రావలసిన మెమో వచ్చింది, ప్రమోషన్ జాబితా నా పేరు లేకుండా వెళ్ళింది. నివేదిక రద్దు కావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. నెలాఖరుకి ఒక్కరోజు ముందు సర్టిఫికెట్ మీద సంతకం అయింది. ప్రవర్తన గడిలో ప్రిన్సిపాల్ గారు "సంతృప్తికరం" అని రాశారు. అది తీసుకుని నేనే ఫ్యాక్టరీకి వెళ్ళి ఆయన చేతికిచ్చాను. ఆయన చదువుకుని, మడతపెట్టి జేబులో పెట్టుకుని, బామ్మర్ది ఇంకా నమ్మడం లేదని చెప్పాడు.

"ఆఫీసు కాగితం గదా, మనమే రాయించుకున్నామంటున్నాడు సార్. పుస్తకంలో పడితే నమ్ముతాడంట."

అందుకని ఇది పుస్తకానికి రాశాను.